శ్రావణంలో పిచ్చుకలు

ష్పెట్స్‌లె. ఈ మాటను ఒకసారి పైకి చదవండి. నాలుక మడతపడిందా? ఫర్వాలేదు. మా అమ్మ మూడు రోజులు ప్రయత్నించింది. మూడో రోజు సాయంత్రానికి విసుగొచ్చేసి, ‘‘దానికి అర్థమేందో చెప్పుండ్రి, నేను దాంతోనే పిలుచుకుంటా’’ అంది. తమ్ముడు చెప్పాడు. జర్మనీలో శ్వాబియా అనే ప్రాంతం ఉంది. అక్కడి యాసలో ష్పెట్స్‌లె అంటే చిన్న పిచ్చుకలు అని చాలామంది చెప్పుకుంటారట. కాదు, అది ఇటలీ నుంచి వచ్చిన మాట అని వాదించేవాళ్లూ ఉన్నారట. అమ్మకు ఆ వాదనతో పనిలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ వంటకం పేరు పిచ్చుకలు.

దాంతో కొన్ని చిక్కులూ వచ్చాయనుకోండి. ఆఫీసుకు ఫోన్ చేసి ‘‘పాప ఈ పొద్దు పిచ్చుకలు బాగా తినింది’’ అని అమ్మ గట్టిగా చెబుతుంటే, పక్క సీటాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇంతకీ ఏమిటీ పిచ్చుకలు? మైదా, కోడిగుడ్లు, ఉప్పు, నీళ్లు. అంతే. గారెల పిండికీ దోసెల పిండికీ మధ్యస్థంగా కలిపి, దాన్ని మరిగే నీళ్లలోకి సన్నసన్నగా జార్చాలి. అవి మునిగి, ఉడికి, పైకి తేలతాయి. తేలినవాటిని తేలినట్టే తీసేయడం. మన పాలతాలికలకు దూరపు చుట్టమన్నమాట. తాలికల్ని చేత్తో పామి పాలలో వేస్తాం, వాళ్లు పిండిని నీళ్లలో వేస్తారు. శ్వాబియాలో తలపండిన వంటావిడలైతే చిన్న చెక్కపలక మీద పిండి పరిచి, దాన్ని గిన్నె అంచున ఆనించి, కత్తిలాంటి పలకతో చకచకా గీకేస్తారు. ఒక్కో గీకుకు ఒక్కో పిచ్చుక నీళ్లలో పడుతుంది. 2012లో ఐరోపా యూనియన్ దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మన ధర్మవరం పట్టుచీరకు ఉన్నట్టే.

అదంతా అక్కడ. కళ్యాణదుర్గం దగ్గర, అనంతపురం నుంచి బస్సులో గంటన్నర దూరంలో, వేపచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి మీద అది ఉడకడం ఇక్కడి సంగతి. దానికి కారణం ఆరేళ్ల పాప.

మా తమ్ముడు స్టట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తాడు. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీ. మరదలిదీ అక్కడే ఉద్యోగం. ఇద్దరూ పొద్దున్నే వెళ్తే సాయంత్రం దాకా పాప పిల్లల బడిలోనే. ఏడాది నిండినప్పటి నుంచీ అంతే. ఇంట్లో వీళ్లు తెలుగులో మాట్లాడితే దానికి అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లో. ఫోన్లో వాళ్ల జేజి ‘‘తిన్న్యావా బంగారూ’’ అంటే పాప ఏదో అంటుంది, తమ్ముడు పక్కనుంచి తర్జుమా చేస్తాడు. కోర్టులో సాక్ష్యంలా ఉండేది ఆ వ్యవహారం.

అక్కడ వేసవి సెలవులు జులై చివరలో మొదలై సెప్టెంబరు మొదట్లో ముగుస్తాయి. కాబట్టి 2023లో వాళ్లు ఆగస్టులో వచ్చారు. మూడున్నర వారాలకి. నాన్న పోయాక పాప ఊరికి రావడం అదే మొదటిసారి. అమ్మ నెల ముందు నుంచే తయారీలో పడింది. బొరుగుల ఉండలు, సెనక్కాయ చిక్కీ, నువ్వుల పొడి, ఊరుబిండికి ఎండుమిరపకాయలు, కొత్త రాగిపిండి. డబ్బాలన్నీ నిండాయి. పాప వచ్చింది. డబ్బాలు నిండినవి నిండినట్టే ఉన్నాయి.

ముద్దను వేలితో గుచ్చి చూసింది. ఆ గుంత నిలబడితే నవ్వింది, ఇంకో గుంత చేసింది. నోట్లో మాత్రం పెట్టుకోలేదు. పప్పన్నం వద్దంది. పెరుగన్నం వద్దంది. దోసె అంచులు రెండు తుంచి, చక్కెర అద్దుకుని తినింది. మిగతాదంతా అరటిపండ్లు, బిస్కెట్లు. ఐదు రోజుల్లో అమ్మ తొమ్మిది రకాలు చేసి పెట్టింది, నేను లెక్కపెట్టాను. వీధిలోవాళ్లు వచ్చి ‘‘పాప ఏం తింటాదమ్మా’’ అని అడిగినప్పుడల్లా ఆమె ముఖం చూడాలి. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా పాకం చూడ్డానికి పిలిచే మనిషి మా అమ్మ. ఐదో రోజు రాత్రి అంట్లు కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది: ‘‘నా చేతి కూడు నా మనవరాలికి పనికిరాకపాయ.’’

మర్నాడు పొద్దున తమ్ముణ్ని నిలదీసింది. ఆడ ఏం తింటాది ఇది? ఎవరు చేస్తారు? దేంతో చేస్తారు? తమ్ముడు ఫోన్లో వీడియో చూపించాడు. పిల్లల బడిలో వారానికి రెండుసార్లు పెడతారట, ఇంట్లోనూ ఆదివారం చేస్తారట. ష్పెట్స్‌లె, దాని మీద పప్పు. అమ్మ వీడియోను మూడుసార్లు చూసింది. ‘‘ఇంతేనా? దీనికేనా ఇంత?’’ అంది. అదిగో, సరిగ్గా అప్పుడే వీడియోలో ఆవిడ కోడిగుడ్డు పగలగొట్టింది.

మా ఇంట్లో శ్రావణ మాసంలో గుడ్డు గడప దాటదు. నాన్న ఉన్నప్పుడూ అంతే, నాన్న వాళ్లమ్మ ఉన్నప్పుడూ అంతే. పైగా 2023లో శ్రావణాలు రెండు. జులై 18 నుంచి అధిక శ్రావణం, ఆగస్టు 17 నుంచి నిజ శ్రావణం. పాప వచ్చి, ఉండి, తిరిగి విమానం ఎక్కేదాకా శ్రావణమే! ‘అధిక మాసానికి ఆ పట్టింపు లేదేమో’ అని మరదలు మెల్లగా అంది. పాపం, కోడలు కదా, మెల్లగానే అంది. అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపు పెరట్లో తిరిగింది. వేపచెట్టు కింద నీళ్లు కాచే మూడు రాళ్ల పొయ్యిని చీపురుతో ఊడ్చింది. లోపలికొచ్చి నాతో అంది:

‘‘పిల్లోళ్లకు మాసాలుండవు. ఇంట్లోకి మాత్రం తేవద్దు. బయటే వండల్ల, బయటే తినల్ల. పాత సత్తు గిన్నె తీసుకో.’’

శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. ఇన్నేళ్లలో అమ్మ తన పద్ధతి నుంచి ఇంత పక్కకు జరగడం నేను చూడలేదు. తిరుపతి వెళ్లే దారిలో హోటల్లో కాఫీ కూడా తాగని మనిషి ఆమె.

పక్కవీధిలో నాటుకోళ్లున్న ఇంటి నుంచి మూడు గుడ్లు తెచ్చాను. శ్రావణంలో గుడ్లడిగితే వాళ్లు నన్నో రకంగా చూశారు. ‘‘జర్మనీ పాపకు’’ అన్నాను. ఊళ్లో ఆ మాటకు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

మీరూ చేసుకోవాలనుకుంటే కొలతలు ఇవీ. పావుకిలో మైదా, అందులో రెండు చెంచాల బొంబాయి రవ్వ. అక్కడ ఈ వంటకానికి కాస్త గరుకుగా ఉండే పిండి వాడతారు, మన మైదా మరీ మెత్తన, అందుకే రవ్వ. మూడు గుడ్లు, అర చెంచా ఉప్పు, అర గ్లాసుకు కొంచెం తక్కువ నీళ్లు. గుడ్డు వాసన పడనివాళ్లు జాజికాయ కొద్దిగా గీకి వేయొచ్చు, అక్కడ కూడా వేస్తారు. అన్నీ ఒకేసారి కలిపి గట్టి చెక్క గరిటెతో కొట్టాలి. తిప్పడం కాదు, కొట్టడమే. పిండిలో గాలి బుడగలు లేచి, గరిటె ఎత్తితే జారీజారనట్టు సాగి తెగేదాకా. తర్వాత అరగంట మూతపెట్టి పక్కన పెట్టాలి.

నేను కొడుతున్నాను. అమ్మ మూడు గజాల దూరంలో నిలబడి చూస్తోంది. గిన్నె ముట్టుకోకూడదని ముందే అనుకుంది. ‘‘అట్ల కాదు, అడుగు నుంచి ఎత్తు.’’ ‘‘చెయ్యి తిప్పు, మణికట్టు తిప్పకు.’’ ‘‘గారెల పిండి ఎప్పుడన్నా కొట్టినావా నువ్వు?’’ రెండు గజాలు. ఒక గజం. చివరికి, ‘‘ఇట్ల తే’’ అని గరిటె లాక్కుంది. ఒకసారి చెయ్యి పడ్డాక ఇక శ్రావణమూ లేదు, ఏమీ లేదు. ఆ పూటంతా ఆమే చేసింది. సాయంత్రం తలకు పోసుకుని, దేవుడి ముందు దీపం పెట్టి, చాలాసేపు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో వాళ్లిద్దరికే తెలియాలి.

జార్చేదెట్లా అన్నది తర్వాతి సమస్య. అక్కడ పలకలున్నాయి, ఇనుప ఒత్తులున్నాయి, జల్లెడలాంటి పరికరాలున్నాయి. మన దగ్గర ఏముంది? తమ్ముడు మురుకుల గొట్టం అన్నాడు. అమ్మ పిండిని ఒకసారి గరిటెతో ఎత్తి చూసి, ‘‘ఇది మురుకుల పిండి కాదు, బూందీ పిండి’’ అంది. అటక మీద నుంచి బూందీ గరిటె దిగింది. దాన్ని ముందు నీళ్లలో ముంచి, మరిగే నీళ్ల మీద జానెడు ఎత్తున పట్టుకుని, పిండి పోసి, ఇంకో గరిటె అడుగుతో మెల్లగా రుద్దింది. టపటపా రాలాయి. పొడుగ్గా కాదు, చిన్న చిన్న గుండీల్లా. శ్వాబియాలో ఈ ఆకారానికీ ఓ పేరుందట, క్న్యొప్‌ఫ్లె, అంటే గుండీలే! ఒక జాగ్రత్త. గరిటెను మరీ కిందికి దించితే ఆవిరికి రంధ్రాల్లోనే పిండి ఉడికి మూసుకుపోతుంది. ప్రతి వాయికీ కడిగి తడి చేసుకోవాలి. పొయ్యిలో కంది కట్టె వేస్తే సర్రున మండి ఆరిపోతోంది, నీళ్లు మరుగు తగ్గితే ముద్దలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అమ్మ తుమ్మ మొద్దు ఒకటి తోసింది. ఆ తర్వాత ఇబ్బంది లేదు. తేలినవాటిని జల్లిగరిటెతో తీసి, ఒకసారి చన్నీళ్లలో ముంచి, నెయ్యిలో వేయించాం. అక్కడైతే వెన్న.

మరి పైన పోసే పప్పు? వాళ్లు వాడేది పొట్టు తీయని గోధుమరంగు మసూర్. ఉడికించి, చివర్లో కాసింత వెనిగర్ పోస్తారు, పులుపు కోసం. శ్వాబియావాళ్లకు పప్పులో పులుపు లేకపోతే ముద్ద దిగదట. ఈ మాట విన్నాక అమ్మకు ఆ జాతి మీద గౌరవం పెరిగింది. మా ఊరి అంగట్లో పొట్టు మసూర్ దొరకదు. అమ్మ డబ్బాలన్నీ తెరిచి చూసి, ఉలవలు తీసింది. ‘‘రంగదే, పొట్టుండాది. రవ్వంత చింతపండు వేస్తే సరి.’’ మెత్తగా ఉడికించి, సగం మెదిపి, చింతపండు పిండి, కారం లేకుండా ఉల్లిపాయ, జీలకర్ర తిరగమోత.

పాప పళ్లెంలోకి తొంగిచూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక గుండీ నోట్లో వేసుకుంది. నమిలింది. రెండోది ఉలవల్లో ముంచింది. ‘‘లిన్‌జెన్!’’ అంది. లిన్‌జెన్ అంటే పప్పులట. అవి ఆ పప్పులు కావని తెలుసుకుందో లేదో గానీ, ఇంకో నిమిషానికి పళ్లెం అడుగు కనపడింది. అమ్మ ఏమీ అనలేదు, మళ్లీ వడ్డించింది. మరదలు అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. పొగ అని చెప్పింది, నిజమే, పొగ కూడా ఉంది.

పిండి నానే ఆ అరగంటలో తమ్ముడు చెప్పిన కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. ఇది లేకపోతే నేను ఇదంతా రాసేదాన్నే కాదేమో.

స్టట్‌గార్ట్‌కు దక్షిణాన ఆల్బ్ అని ఒక పీఠభూమి ఉంది. శ్వాబియా వంటలు చాలావరకు ఆ రాతినేల పేదరికంలో పుట్టినవే. ‘‘పేదరికమా? జర్మనీలోనా?’’ అంది అమ్మ. అవును. ఆ పీఠభూమిలో నీళ్లు ఉండేవి కావు. వానలు పడక కాదు, మన జిల్లాకు దాదాపు రెట్టింపు వాన పడుతుంది అక్కడ. మనకేమో నైరుతికి పడమటి కనుమలు అడ్డం, ఈశాన్యానికి సముద్రం దూరం. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. వాళ్ల కథ వేరు. కింద అంతా సున్నపురాయి. పడిన వాన పడినట్టే బీటల్లోంచి దిగిపోయి, ఎక్కడో లోయలో ఊటగా తేలుతుంది. పైన ఊళ్లలో మనుషులు చూరు నీళ్లు పట్టుకుని తాగేవారు. పశువులు తాగే కుంటలోవే వంటకు తెచ్చుకునేవారు. ఎండాకాలం లోయలోకి బండి కట్టుకుని పోయి పీపాలతో నీళ్లు తోలేవారు.

అమ్మ పిండిగిన్నె వైపు చూడ్డం మానేసి తమ్ముడి వైపు చూసింది. బండి మీద పీపాలతో నీళ్లు తోలడం ఆమెకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

కార్ల్ ఏమాన్ అనే ఇంజినీరు లోయలోని నీళ్లను పీఠభూమి పైకి ఎక్కిస్తానన్నాడు. నది ప్రవాహంతోనే పంపులు తిప్పి, గొట్టాల ద్వారా. ఖర్చెవరు భరిస్తారు, అయ్యే పనేనా అని ఊళ్లలో వాదులాటలు జరిగాయి. 1871లో యుస్టింగెన్ అనే ఊరికి మొదట నీళ్లు ఎక్కాయి. ఆ తర్వాత ఒక్కో గుంపుగా మిగతా ఊళ్లకు. ‘‘మన హంద్రీ నీవా లాగా’’ అన్నాడు తమ్ముడు. శ్రీశైలం నుంచి ఎత్తిపోసుకుంటూ తెచ్చిన కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరింది 2012లో. ‘‘మన ఊరికి ఎక్కలేదు కదా’’ అంది అమ్మ. ఎక్కలేదు.

పప్పు కథ ఇంకా బాగుంటుంది. ఆ రాళ్ల నేలలో మసూర్ బాగా పండేది. దిగుబడి తక్కువే. తీగ నేల మీద పడిపోకుండా తోడుగా బార్లీనో ఓట్లో చల్లేవారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక చవకగా బయటి దేశాల పప్పు వచ్చింది, ఇక్కడ పండించడం దండగ అన్నారు. 1960లు వచ్చేసరికి ఆల్బ్ మీద పప్పు పంట లేకుండా పోయింది. విత్తనం కూడా పోయింది. రోజూ తినే వంటకంలోకి పప్పు మాత్రం ఎక్కడి నుంచో వచ్చేది. 1985లో వోల్డెమార్ మమ్మెల్ అనే రైతు మళ్లీ మొదలుపెట్టాడు, బయటి విత్తనంతోనే. పాత స్థానిక రకాల కోసం వెతగ్గా వెతగ్గా 2006లో రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వావిలోవ్ సంస్థ విత్తన భాండాగారంలో దొరికాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ నగరాన్ని నాజీ సైన్యం ముట్టడిస్తే, చుట్టూ విత్తనాల బస్తాలున్నా ముట్టుకోకుండా ఆకలితో చనిపోయిన శాస్త్రవేత్తల సంస్థ అది. ఎవరి సైన్యం వల్ల వాళ్లు మాడి చచ్చారో, ఆ దేశపు పప్పు గింజల్నీ వాళ్లు దాచి ఉంచారు! గుప్పెడు గింజలతో మొదలై, ఇప్పుడు వందమందికి పైగా రైతులు ఆ పీఠభూమి మీద మసూర్ పండిస్తున్నారు.

‘‘మనకు కొర్రలు పోయినట్టు’’ అంది అమ్మ. అంతే అంది. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో కొర్రన్నమే. కొర్రల్లో అక్కడక్కడా కంది సాలు. తర్వాత సెనక్కాయ వచ్చి అంతా ఊడ్చేసింది. ఉమ్మడి జిల్లాలో ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదొక్కటే పంట. వాన వస్తే డబ్బు, రాకపోతే అప్పు. కొర్రలు, సామలు, ఆరికలు పూర్తిగా పోలేదులెండి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, 2008 నుంచి దాని రైతుల ధరణి సంఘం లాంటివి వాటిని మళ్లీ పొలాల్లోకి తెచ్చాయి. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా కూడా ప్రకటించింది. బెంగళూరు మాల్స్‌లో కొర్రలు అందమైన ప్యాకెట్లలో కనిపిస్తాయి. వాటి ధర చూసి మా అమ్మ, ‘‘కూలోళ్లు తిన్న కూడు ఇది’’ అని ఆ ప్యాకెట్‌ను తిరిగి యథాస్థానంలో పెట్టేసింది.

ఆ ఆగస్టులో వాన చుక్క లేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. మాకున్న మూడున్నర ఎకరాలు దున్ని అట్లే ఉన్నాయి. సెనక్కాయ అదును దాటిపోయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తమ్ముడు సాయంత్రం పూట పొలం గట్టు దాకా వెళ్లి వచ్చేవాడు. ఏదో లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది.

ఆగస్టు 25, వరలక్ష్మీ వ్రతం. ఆ రోజుకు మా ఇంట్లో ఒత్తు శావిగలు ఉండాల్సిందే. శావిగలంటే ఎరగనివాళ్ల కోసం: బియ్యప్పిండిని ఉప్పు వేసిన ఎసట్లో పోసి గట్టిముద్ద చేసి, ఉండలు కట్టి, ఆవిరి మీద ఉడికించి, వేడివేడిగా చెక్కలో పెట్టి ఒత్తితే దారాల్లా దిగుతాయి. వాటి మీద బెల్లం కలిపిన కాయపాలు, నువ్వుల పొడి. కన్నడ సరిహద్దు కాబట్టి అటూ ఇటూ ఇదే పండగ వంట. మా చెక్క తాతల నాటిది. నాలుగు కాళ్ల చట్రం, నడుమ రంధ్రాల ఇత్తడి పలక, పైన పొడుగాటి మాను. ఉండ చల్లారేలోపు ఆ మానును బరువంతా వేసి కిందికి తొక్కాలి. ఉండ పెట్టేందుకు ఒకరు, మాను మీద ఇద్దరు, కింద పళ్లెం తిప్పడానికి ఒకరు. నలుగురు లేనిదే శావిగలు లేవు.

ఇదివరకు వీధివీధంతా మా చెక్క దగ్గరికే వచ్చేది. పిండి వాళ్లది, చెక్క మాది, బలం అందరిది. ఇప్పుడు మా వీధిలో పదకొండు ఇళ్లుంటే ఆరింటికి తాళాలు. అందరూ బెంగళూరులో కట్టడం పనుల్లో, అపార్టుమెంట్ల కాపలాలో. అంతకు ముందు మూడేళ్లూ అమ్మ పండక్కి ప్యాకెట్ సేమియాతో సరిపెట్టుకుంది. ఆ సంగతి నాకు చెప్పలేదు. డబ్బాలో సగం మిగిలిన ప్యాకెట్లు చూసి అడిగితే, ‘‘మనుషులేరీ?’’ అంది.

ఆ రోజు మనుషులున్నాం. తమ్ముడూ నేనూ మాను మీద, మరదలు పళ్లెం దగ్గర, అమ్మ ఉండలతో. మొదటి ఒత్తు కదలనే లేదు. మూడేళ్లుగా వాడని చెక్క, బిగుసుకుపోయింది. అమ్మ నూనె పోసింది. రెండోసారి కిర్రుమంది. అప్పుడు పాప పరుగెత్తుకొచ్చి వాళ్ల నాన్న ముందు మాను ఎక్కి కూర్చుంది. ఇరవై కిలోలు ఉంటుందేమో. ఆ ఇరవై కిలోలకే కదిలిందని నేను చెప్పను. తమ్ముడు బాగా ఊతమిచ్చాడు. ఇత్తడి పలక కింద తెల్లటి దారాలు ఒక్కసారిగా దిగాయి. పాప వంగి చూసి కేక పెట్టింది. మళ్లీ. మళ్లీ. ఉండ అయిపోగానే అమ్మ వైపు తిరిగి చెయ్యి చాపింది:

‘‘జేజీ, ఇంకా!’’

వచ్చాక అది జేజితో నేరుగా అన్న మొదటి తెలుగు మాట. అమ్మ చేతిలో ఉండ కాలుతున్నా అట్లే పట్టుకుని నిలబడింది.

శావిగలు పాప రెండు ముద్దలే తినింది, అదీ కాయపాల కోసం. ఒత్తడం మాత్రం పిండంతా అయిపోయేదాకా వదల్లేదు. ఐదుగురికి సరిపోయే చోట పదిహేను మందికి సరిపడా తయారయ్యాయి. తాళాలు లేని ఇళ్లన్నింటికీ గిన్నెలు వెళ్లాయి. చిన్నబోయిన ముఖం లేదు అమ్మకు. ‘‘తినకుంటే పోనీ, చెయ్యి పడింది కదా’’ అంది.

ఆ రాత్రి మిద్దె మీద తమ్ముడు అడిగాడు. అడుగుతాడని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. వచ్చేయమ్మా మాతో. ఉన్న భూమి కౌలుకిద్దాం, లేదంటే అమ్మేద్దాం. అక్క అనంతపురంలో, నేను అక్కడ, నువ్విక్కడ ఒక్కదానివే ఏం చేస్తావు?

‘‘ఆడికొచ్చి ఏం చేసేదప్పా?’’ అంది అమ్మ. ‘‘మీరిద్దరూ పొద్దున పోతే మాపటికి వస్తారు. పాప బడికి పోతాది. నేను గోడలు చూస్తా కూర్చోవాల. దానికి నా మాట వస్తే నాకు తోడుంటాది. అప్పుడు చూద్దాంలే.’’

‘‘ఈ పొద్దు మాట్లాడింది కదా’’ అన్నాడు వాడు.

‘‘ఒక్క మాటే కదరా’’ అని నవ్వింది.

వాడు ఇక ఏమీ అనలేదు. నాకైతే ఇద్దరిదీ న్యాయంగానే అనిపించింది, అందుకే మధ్యలో మాట్లాడలేదు. వెళ్లే ముందు రోజు మళ్లీ పిచ్చుకలు చేశాం, ఈసారి అరకిలో పిండితో. మిగిలినవి మర్నాడు పెనం మీద ఉల్లిపాయతో ఎర్రగా వేయిస్తే ఇంకా బాగుంటాయని మరదలు చెప్పింది. నిజంగానే బాగున్నాయి. అమ్మ రుచి చూడలేదు, శ్రావణం ఇంకా పోలేదు.

వాళ్లు వెళ్లిపోయాక ఒక పదును వాన పడింది. పొద్దున్నే అమ్మ ఫోన్. గొర్రు మాట్లాడాను, రెండెకరాల్లో ఉలవలు వేయిస్తున్నాను, నువ్వొచ్చేటప్పుడు టౌన్ నుంచి మూడు కాలీ సంచులు పట్రా అని. సెనక్కాయ అదును పోయాక మా వైపు ఉలవలు వేయడం కొత్తేమీ కాదు, కానీ మామూలుగా ఎకరా వేస్తారు, ఇంట్లో గుగ్గిళ్లకు, ఎద్దులున్నవాళ్లకు దాణాకు. రెండెకరాలెందుకమ్మా, ఎవరు తినేది అన్నాను.

‘‘వచ్చే ఏడు పాప వస్తాది కదా, పిచ్చుకల్లోకి వద్దా?’’ అంది. వెనకాల ఎవరో గొర్రు తోలేవాడితో ‘‘సాలు దగ్గరగా పడనీ అబ్బీ’’ అని అరిచి, ఫోన్ పెట్టేసింది.